ప్రెసీ వెంట వచ్చిన ఇంగ్లీషు

మా తరంలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాళ్లకు ఇంగ్లీషు చెవికి పరిచయం కాకముందే చేతికి పరిచయమైంది. ఆ భాషలో మమ్మల్ని ఎవరూ పలకరించలేదు, మేమూ ఎవరినీ పలకరించలేదు. అయినా పేజీలకు పేజీలు రాశాము. చూచిరాతలు రాశాము, డిక్టేషన్లు రాశాము, రాని జ్వరాలకు సెలవు చీటీలు రాశాము, లేని తమ్ముళ్లకు హితబోధ చేస్తూ ఉత్తరాలు రాశాము. ఇంగ్లీషు రావడమంటే గడగడా మాట్లాడడమేనని ఇప్పుడు అందరూ అంటున్నారు గానీ, నా మటుకు నాకు ఆ భాష రాతలోనే వచ్చింది, రాతతోనే నిలిచింది, చివరికి నాకు జీవనోపాధి చూపించింది కూడా రాతే. అందులోనూ బడిలో ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టిన వ్యాసాలూ లేఖలూ ఉద్యోగంలో దాదాపు అక్కరకు రాలేదు. పది మార్కుల ప్రశ్న కదా అని చాలామంది చాయిస్‌లో వదిలేసిన ప్రెసీ ఒక్కటే, అంటే ఇచ్చిన పేరాను సారం చెడకుండా కుదించి రాసే విద్య ఒక్కటే, నా వెంట వచ్చింది.

అందరిలాగే నేనూ నాలుగు గీతల కాపీ పుస్తకంతో మొదలుపెట్టాను. పైనా కిందా ఎర్ర గీతలు, నడుమ రెండు నీలం గీతలు. పెద్దబడి అక్షరాలు పై ఎర్రగీత నుంచి కింది నీలంగీత దాకా నిలబడాలి. చిన్నబడిలో ఎ, సి, ఇ, ఎమ్, ఎన్, ఓ వంటివి రెండు నీలం గీతల నడుమనే ఒదిగిపోవాలి. బి, డి, హెచ్, కె, ఎల్ పైకి సాగాలి, జి, జె, పి, క్యూ, వై కిందికి దిగాలి. గొలుసుకట్టు రాతకు వచ్చేసరికి చిన్నబడి ఎఫ్ ఒక్కటే నాలుగు గీతలనూ తాకేది, అందుకే అది అందరికీ వంకరగా వచ్చేది. వత్తులూ గుణింతాలూ రాసిన చేతికి పైకీ కిందికీ సాగడం కొత్త కాదు. కొత్తగా తోచింది పెద్దబడి, చిన్నబడి తేడానే. తెలుగులో అక్షరం వాక్యం మొదట్లో వచ్చినా నడుమ వచ్చినా, ఊరి పేరులో వచ్చినా మామూలు మాటలో వచ్చినా ఒక్కలాగే ఉంటుంది. పైగా తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి చుక్క పెట్టకపోయినా ముగిసిందని తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాక్యానికి ఆ వెసులుబాటు లేదు, దాని మొదలునూ చివరనూ గుర్తులతో చూపించవలసిందే. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఎర్రసిరా మాత్రం రోజూ గుర్తు చేసేది.

స్పెల్లింగులు వల్లె వేయించేవారు. పలికే తీరుకూ రాసే తీరుకూ పొంతన ఎందుకు లేదని అడిగితే ఇంగ్లీషు అంతేనని జవాబు వచ్చేది. నిజానికి దానికి ఒక కారణం ఉందని చాలా ఏళ్ల తరువాత చదివి తెలుసుకున్నాను. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టిన తరువాత రాత క్రమంగా స్థిరపడుతూ వచ్చింది, 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు దాన్ని మరింత బిగించింది. అదే కాలంలో దీర్ఘాచ్చుల పలుకుబడి పూర్తిగా మారిపోయింది, కొన్ని హల్లులు పలకడమే మానేశారు. ఒకప్పుడు నోరారా పలికిన అక్షరాలే ఇప్పుడు మూగ అక్షరాలై కాగితం మీద మిగిలాయి. ఈ నాలుగు ముక్కలు ఆ రోజుల్లోనే చెప్పి ఉంటే బట్టీ తప్పేది కాదు గానీ, కోపం కొంత తగ్గేది.

ఆరూ ఏడూ తరగతుల్లో నల్లబల్ల మీద గళ్ల పట్టికలు గీసేవారు. నాలుగు నిలువు వరుసలు, ఒక్కొక్క వరుసలో ఐదేసి మాటలు. ఏ వరుస నుంచి ఏ మాట తీసుకున్నా సరైన వాక్యమే వస్తుంది. ఐదును నాలుగు మార్లు హెచ్చవేస్తే 625 వాక్యాలవుతాయని లెక్కల్లో దిట్ట అయిన మా బెంచీవాడొకడు కనిపెట్టాడు, ఇంటిపనిగా అవన్నీ రాయమంటారేమోనని మేము భయపడ్డాము. ఈ పట్టికలను ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో ప్రచారంలోకి తెచ్చినవారిలో హెరాల్డ్ పామర్ ముఖ్యులు. ఆయన 1922లో జపాన్ వెళ్లి, ఆ మరుసటి ఏడాదే టోక్యోలో ఇంగ్లీషు బోధన మీద పరిశోధన చేసే సంస్థను నెలకొల్పారు. వ్యాకరణ సూత్రాన్ని వివరించడం కంటే వాక్యం అచ్చును చేతికి అలవాటు చేయడం మేలని ఆయన నమ్మకం. అలవాటైతే నిజంగానే అయింది. కానీ ఆ 625 వాక్యాల్లో ఎవరితోనైనా చెప్పవలసిన అవసరం ఉన్నది ఒక్కటీ ఉండేది కాదు. పెన్ను పెన్నేనని, బల్ల బల్లేనని ఎదుటివాడికీ కనబడుతూనే ఉంటుంది కదా!

ఆ లోటును కొంత తీర్చింది నాన్‌డీటైల్డు పుస్తకం. పేజీకి నాలుగైదు కొత్త మాటలకు మించకుండా, పాత కథలను తేలిక ఇంగ్లీషులోకి దించి రాసిన పలచని పుస్తకాలవి. పరీక్షలో వాటికి ఇచ్చే మార్కులు తక్కువ కాబట్టి మాస్టర్లు తొందరతొందరగా కానిచ్చేవారు, అందువల్లనే మేము వాటిని భయం లేకుండా చదివాము. ఇటువంటి వాచకాల వెనుక మైకేల్ వెస్ట్ కృషి ఉంది. ఆయన 1920లలో బెంగాల్‌లో పనిచేస్తూ, పిల్లలకు అన్నిటికంటే ముందు కావలసింది చదవగలగడమని వాదించారు, అరుదైన మాటలను తీసేసి వాడుక మాటలతో వాచకాలు తయారు చేశారు. 1953లో ఆయన ప్రకటించిన సాధారణ పదాల జాబితాలో సుమారు 2,000 మాటలున్నాయి. అప్పట్లో నాకు ఆ పేరు తెలియదు. అర్థాల కోసం ఎవరినీ అడగకుండా ఒక ఇంగ్లీషు కథను మొదటినుంచి చివరిదాకా చదవగలిగానన్న ధీమా మాత్రం ఆ పలచని పుస్తకం వల్లనే వచ్చింది. పేరున్న రచయితల డీటైల్డు పాఠాలు ఆ ధీమాను ఇవ్వలేకపోయాయి.

ఉన్నత పాఠశాలలో కాంపొజిషన్ అనే పేరుతో నడిచిన వ్యవహారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గైడులో ఉన్న వ్యాసాన్ని బట్టీ పట్టి, పరీక్షలో దించేసి రావడమే కాంపొజిషన్. పదిమంది జవాబు పత్రాలు పక్కపక్కన పెడితే పది వ్యాసాలూ ఒకే వాక్యంతో మొదలై ఒకే సూక్తితో ముగిసేవి. లేఖల్లో అసలు విషయం కంటే హంగుకే మార్కులు ఎక్కువ. తేదీ కుడివైపున పై మూలలో ఉందా, రెస్పెక్టెడ్ సర్ తరువాత కామా పడిందా, చివర యువర్స్ ఒబీడియెంట్‌లీ అని ఉందా అన్నవే చూసేవారు. ఆ లేఖల్లో మేము ఎప్పుడూ దేన్నో వేడుకుంటూనే ఉండేవాళ్లం. పాత దొరల కచేరీలకు పంపుకునే అర్జీల భాష, ఆ కచేరీలు పోయిన తరువాత కూడా మా నోటు పుస్తకాల్లో బతికే ఉంది.

ఇంటర్మీడియట్‌లో మాకు ఇంగ్లీషు చెప్పిన లెక్చరర్ గారు గైడులను తరగతిలోకి రానిచ్చేవారు కాదు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయనకు ప్రెసీ అంటే ప్రాణం. దాని నియమాలు అన్ని పుస్తకాల్లోనూ ఉన్నవే. మూలంలో మూడో వంతుకు కుదించాలి, సొంత మాటల్లో రాయాలి, ఒకే పేరా ఉండాలి, ఉదాహరణలూ అలంకారాలూ పనికిరావు, కొటేషన్లలో ఉన్న మాటలను పరోక్ష కథనంలోకి మార్చాలి, పైన శీర్షిక పెట్టి కింద పదాల లెక్క వేయాలి. ఈ నియమాలను చదివి వినిపించి ఊరుకునే అలవాటు ఆయనకు లేదు. గంట మొదట్లోనే ఒక పేరాను నల్లబల్ల నిండా రాసి, ఒక్కొక్కరినే పిలిచి డస్టరు చేతికిచ్చి, ఒక మాటో రెండు మాటలో తుడిచేయమనేవారు. తుడిచిన తరువాత మిగిలిన వాక్యాన్ని పైకి చదవాలి. అర్థం చెడకపోతే తరువాతివాడి వంతు వస్తుంది, చెడితే తుడిచినవాడే తిరిగి రాయాలి.

మొదట విశేషణాలు పోయేవి. వాటిని తుడవడం అందరికీ సులువే. తరువాత జంటమాటలు పోయేవి, ఇంగ్లీషు రచయితలు కూడా ఒకే అర్థాన్ని రెండు మాటల్లో చెబుతారని అప్పుడే తెలిసింది. ఆపైన అసలు పని మొదలయ్యేది. ఇన్ వ్యూ ఆఫ్ ద ఫాక్ట్ దట్ అని ఆరు మాటలుంటే వాటిని తుడిచి ఆయన బికాజ్ అని రాసేవారు. ఎ లార్జ్ నంబర్ ఆఫ్ అని ఉన్నచోట మెనీ చాలనేవారు. ఇట్ ఈజ్ నీడ్‌లెస్ టు సే దట్ అన్న చోట బదులుగా ఏం రాయాలో తెలియక ఒక అమ్మాయి డస్టరు పట్టుకుని నిలబడిపోతే, “చెప్పనక్కరలేదని ఆయనే అంటున్నాడు కదమ్మా, మొత్తం తుడిచెయ్” అన్నారు. తరగతంతా నవ్వింది. ఒక రోజు ఒక వాక్యం ఎంత తుడిచినా లొంగలేదు. ఫలానా విధంగా చేయాలని నిర్ణయించబడింది అన్న ధోరణిలో ఉన్న కర్మణి వాక్యమది. అన్నీ పోయాక ఆ నిర్ణయం మిగిలింది గానీ నిర్ణయించిన మనిషి మిగలలేదు. “ఎవరు నిర్ణయించారు?” అని ఆయన అడిగారు. పేరా అంతా వెతికినా దొరకలేదు. “రాసినాయన దాచేశాడు. కుదిస్తే తప్ప ఆ సంగతి బయటపడలేదు చూశారా” అని, సున్నపుముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు.

ఆయన చెప్పిన మరో మాట నా మనసులో నాటుకుంది. “నీ ప్రెసీ చదివేవాడి చేతిలో మూలం ఉండదు, గుర్తు పెట్టుకో” అనేవారు. అప్పటిదాకా మేము రాసిన ప్రతిదాన్నీ చదివేది మాస్టరే, ఆయనకు విషయం ముందే తెలుసు, మాకు తెలుసో లేదో చూడడానికే చదివేవారు. విషయం తెలియని మనిషి ఒకడు దీన్ని చదువుతాడు, ఇది తప్ప అతనికి ఇంకో ఆధారం లేదు అన్న ఊహతో రాయడం అదే మొదలు. ఆ ఊహ ప్రెసీకి పుట్టుకతో వచ్చినదేనని తరువాత గ్రహించాను. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సివిల్ సర్వీసు పరీక్షల్లో ప్రెసీని ఒక అంశంగా పెట్టడానికి కారణం, గుమాస్తాలు కట్టలకొద్దీ వచ్చే ఉత్తరాలను చదివి పై అధికారికి సారాంశం రాసిపెట్టవలసి రావడమే. అంటే అది కచేరీలో పుట్టి పాఠశాలకు వచ్చిన విద్య. పాఠశాలలో పుట్టిన వ్యాసాలు ఉద్యోగానికి రాకపోవడంలోనూ, ఇది రావడంలోనూ వింతేమీ లేదు. మన సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో అర్హత కోసం రాసే ఇంగ్లీషు పేపరులో ప్రెసీ ఈనాటికీ ఉంది.

తప్పులు దిద్దడంలోనూ ఆ లెక్చరర్ గారిది వేరే దారి. సరైన మాటను ఆయన రాసిచ్చేవారు కాదు. తప్పు ఉన్న వరుసకు ఎదురుగా మార్జిన్‌లో ఒక అక్షరం మాత్రం వేసేవారు. స్పెల్లింగుకు ఎస్, కాలానికి టి, ఆర్టికల్‌కు ఎ. తప్పు ఎక్కడుందో, అది ఏమిటో మేమే వెతుక్కోవాలి. నా పుస్తకం మార్జిన్‌లో ఎ అక్షరం వరుసగా దిగుతూ ఉండేది. ఎ, ఆన్, ద అన్నవాటికి తెలుగులో సాటి లేదు. వినేవాడికి ముందే తెలిసిన వస్తువా, ఇప్పుడే పరిచయం చేస్తున్నామా అన్నది ఇంగ్లీషులో ప్రతి నామవాచకం దగ్గరా తేల్చుకోవాలి. తెలుగులో ఆ పని సందర్భానికే వదిలేస్తాము. నిజానికి ఇది కూడా చదివేవాడికి ఏం తెలుసు అన్న ప్రశ్నే. ఆర్టికల్స్ గురించి పుస్తకాల్లో ఉన్న పేజీల కొద్దీ నియమాలను బట్టీ పట్టేవాళ్లకు ఈ ఒక్క ముక్క ముందు చెబితే సగం భారం దిగుతుందని నా అభిప్రాయం. నేర్చుకునేవాళ్ల తప్పులు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావని, వాటికి ఒక లోపలి పద్ధతి ఉంటుందని భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లో రాశారు. మాతృభాషకూ నేర్చుకునే భాషకూ నడుమ నేర్చుకునేవాడు తనకై తాను కట్టుకునే ఆ భాషకు 1972లో లారీ సెలింకర్ వ్యాసంతో శాస్త్రంలో ఇంటర్‌లాంగ్వేజ్ అనే పేరు స్థిరపడింది. మా లెక్చరర్ గారు ఇవన్నీ చదివారో లేదో గానీ, ఆయన మార్జిన్ గుర్తులు ఆ పద్ధతిని మాకే చూపించాయి.

డిగ్రీలో చేరాక గ్రంథాలయంలో ఎ. ఎస్. హార్న్‌బీ నిఘంటువు చేతికి వచ్చింది. అంతకుముందు చూసిన నిఘంటువులు మాటకు అర్థం చెప్పి ఊరుకునేవి, ఇది ఆ మాటతో వాక్యం ఎలా కట్టాలో చెప్పేది. దాని కథ కూడా ఆసక్తికరమైనదే. హార్న్‌బీ జపాన్‌లో పనిచేస్తూ, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే మరో ఇద్దరితో కలిసి జపాన్ విద్యార్థుల కోసం దాన్ని తయారుచేశారు. యుద్ధం నడుస్తుండగానే 1942లో అది టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తిరిగి ప్రచురించారు. ఇంగ్లీషు క్రియలు వాక్యంలో నిలిచే తీరును ఆయన 25 రకాలుగా విడదీసి, ప్రతి క్రియకూ ఆ సంఖ్యలు వేశారు. లెక్కించదగిన నామాలకూ లెక్కించరాని నామాలకూ వేరు గుర్తులు పెట్టారు. ఫర్నిచర్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్ వంటి మాటలకు బహువచనం రాకూడదని ఆ చిన్న గుర్తే నాకు చెప్పింది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకు ఆ గుర్తు అక్కరలేదు. అది మాలాంటివాళ్ల కోసం, మా ఇబ్బంది తెలిసినవాళ్లు చేసిన పుస్తకం.

ఉద్యోగం ఒక యంత్రాల తయారీ సంస్థలో దొరికింది. పంపులు, వాల్వులు చేసి బయటి దేశాలకు పంపేవారు. మొదట అప్పగించిన పని టెలెక్స్ సందేశాలు, అంటే లైను మీద టైపు చేసి దూరాలకు పంపే సందేశాలు, రాయడం. లైను ఎంతసేపు వాడితే అంత రుసుము కాబట్టి ప్రతి మాటకూ ఖరీదుంది. అందులో అక్షరాలన్నీ ఒకే బడిలో వస్తాయి, పెద్దబడి చిన్నబడి తగాదా లేదు. మిగిలిన గుమాస్తాలు విసుక్కునే ఆ పని నాకు చేతికి ఇట్టే పట్టుబడింది, డస్టరుతో తుడిచినట్టే తుడుచుకుంటూ పోవడం. ఉత్తరాల దగ్గర మాత్రం అలా జరగలేదు. నేను పెరిగిన భాషలో ముందు కారణం వస్తుంది, తరువాత ఫలితం వస్తుంది, అడగవలసినది చివర అడుగుతాము. ఎదుటివాడిని సిద్ధం చేయకుండా అడగడం మర్యాద కాదు. ఆ క్రమంలోనే ఇంగ్లీషు ఉత్తరం చిత్తుప్రతి పంపితే, మా మేనేజరు గారు పెన్సిలుతో చివరి పేరా చుట్టూ గీత గీసి, దాన్ని ఉత్తరం తలలోకి బాణం వేసి, పక్కన “ఇంతకీ ఏం కావాలి?” అని రాసి తిప్పి పంపేవారు. ఆ బాణం పడని చిత్తుప్రతి చాలాకాలం దాకా లేదు.

ఈ తేడా మీద పెద్ద చర్చే జరిగింది. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ కప్లాన్ 1966లో రాసిన వ్యాసంలో ఒక్కొక్క భాషాకుటుంబంవాళ్లు పేరాను నడిపే తీరుకు ఒక్కొక్క బొమ్మ గీశారు. ఇంగ్లీషుకు నిటారు గీత, తూర్పు భాషలకు లోపలికి తిరిగే చుట్ట. తూర్పు దేశాలన్నిటినీ ఒక్క చుట్టలో చుట్టేయడం అన్యాయమని చాలామంది విమర్శించారు, తన వాదాన్ని మరీ గట్టిగా చెప్పానని కొన్నేళ్ల తరువాత ఆయనే ఒప్పుకున్నారు. నాకైతే ఇది బుర్ర నడిచే తీరుకు సంబంధించినదిగా తోచదు, చదివేవాడి తీరికకు సంబంధించినదిగా తోస్తుంది. మా మేనేజరు గారి బల్ల మీద రోజూ పడే కాగితాల గుట్ట చూసినవాడెవడైనా, తెలుగువాడైనా సరే, కావలసిన సంగతి మొదటే రాస్తాడు. ఆ మేనేజరు గారూ తెలుగువారే.

కొన్నేళ్ల తరువాత నన్ను యంత్రాల వాడుక పుస్తకాలు, మరమ్మతు పుస్తకాలు రాసే విభాగానికి మార్చారు. అప్పటిదాకా ఆ పుస్తకాలను ఇంజనీర్లే రాసేవారు. ఒక పాత ప్రతిలో ఉన్న వాక్యం ఇప్పటికీ కళ్ల ముందుంది: ద కవర్ మే బి రిమూవ్డ్ ఆఫ్టర్ ఇట్ హాజ్ బీన్ ఎన్ష్యూర్డ్ దట్ ద పవర్ సప్లై హాజ్ బీన్ డిస్కనెక్టెడ్. వ్యాకరణంలో ఏ దోషమూ లేదు. కానీ స్పానర్ చేతబట్టుకుని, చెమటోడుస్తూ, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మెకానిక్ ఒకడు దాన్ని చదివితే, ముందుగా అతని కంటబడేది మూత తీయవచ్చునన్న మాట. కరెంటు ఆపాలన్నది చివరగా వస్తుంది. అక్కడిదాకా అతను చదువుతాడన్న హామీ లేదు. దాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టాను: డిస్కనెక్ట్ ద పవర్ సప్లై. రిమూవ్ ద కవర్. రెండూ చేయవలసిన వరుసలోనే ఉన్నాయి, చేసేవాడు ఎవరో తెలుస్తూనే ఉంది, పదిహేడు మాటలు ఏడయ్యాయి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కరెంటు ఆపిన తరువాత మూత తీయాలి అని తెలుగులో చెబితే వాక్యం తనంతట తానే జరిగే వరుసలో నడుస్తుంది. ఉత్తరాల్లో నాకు అడ్డం పడిన తెలుగు క్రమమే యంత్రాల పుస్తకాల్లో నాకు దారి చూపింది.

ఇలా రాయడానికి ఒక నియమావళే ఉందని ఆ విభాగంలోకి వచ్చాకే తెలిసింది. విమానాలకు మరమ్మతు చేసే మెకానిక్‌లలో ఎందరికో ఇంగ్లీషు మాతృభాష కాదు కాబట్టి, యూరప్ విమాన పరిశ్రమవాళ్లు 1986లో సరళమైన సాంకేతిక ఇంగ్లీషుకు నియమాలు ప్రకటించారు, 2005 నుంచి అది ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అన్న పేరుతో నడుస్తోంది. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. నామవాచకాలను మూడుకు మించి వరుసగా పేర్చకూడదు. ఒక మాటను ఒకే అర్థంలో, ఒకే భాషాభాగంగా వాడాలి. హెచ్చరిక ఉంటే ఆ పనికి ముందే రావాలి. ఇంతకంటే ముందు, 1930లో సి. కె. ఆగ్డెన్ 850 మాటలతో బేసిక్ ఇంగ్లీషు అనే ఒక చిన్న భాషను కట్టారు, అందులో క్రియలు 18 మాత్రమే. ప్రపంచమంతా దాన్నే మాట్లాడాలన్న ఆయన ఆశ నెరవేరలేదు. యంత్రాల పుస్తకాల్లో మాత్రం ఆ ఆలోచనకు చోటు దొరికింది.

మా సంస్థ విమానాలు చేయదు కాబట్టి ఆ నియమాలు మాకు విధి కావు, అయినా పనికొచ్చినన్ని తీసుకున్నాము. వాటిని అలవాటు చేసుకోవడంలో ఇంగ్లీషు మాధ్యమంలో చదివి ధారాళంగా రాసే సహోద్యోగులే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఒకే వస్తువును ఒకచోట కవర్ అని, ఇంకోచోట లిడ్ అని, మరోచోట క్యాప్ అని రాయడం వాళ్లకు శైలి. మెకానిక్‌కు అవి మూడు వేరువేరు వస్తువులు. కొత్త మాట కనబడితే కొత్త వస్తువనుకోవడం ఇంగ్లీషును పరాయిభాషగా నేర్చుకున్న ప్రతివాడికీ అనుభవమే కాబట్టి, ఆ మెకానిక్ తడబాటు నాకు ముందే తెలిసేది.

ఇంగ్లీషు పరీక్షల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. పరాయిభాషగా ఇంగ్లీషు నేర్చినవాళ్ల కోసం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ప్రొఫిషెన్సీ పరీక్షను 1913లో మొదలుపెట్టింది. ఆ ఏడు ముగ్గురే రాశారు, తర్జుమా, వ్యాకరణం, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం అంటూ దాదాపు 12 గంటలు సాగిన ఆ పరీక్షలో ముగ్గురూ తప్పారు. అమెరికా విశ్వవిద్యాలయాల కోసం టోఫెల్ 1964లో వచ్చింది, ఐఈఎల్‌టీఎస్ 1989లో వచ్చింది. మా సంస్థ నుంచి బయటి దేశాలకు వెళ్లిన కుర్రవాళ్లు దీనికి తయారవుతూ తమ రాతలు తెచ్చి చూపించేవారు. అందులో రాత పరీక్ష గంటసేపు, మొదటి ప్రశ్నకు 150 మాటలు, రెండోదానికి 250 మాటలు తగ్గకుండా రాయాలి. అకడమిక్ పరీక్షలో మొదటి ప్రశ్న ఒక గ్రాఫునో పట్టికనో ఇచ్చి అందులోని ముఖ్యమైన సంగతులు చెప్పమంటుంది. కనబడిన ప్రతి అంకెనూ రాసుకుంటూ పోయినవాళ్లకు బ్యాండ్ పెరిగేది కాదు. ఈ అంకెలన్నీ కలిసి ఏం చెబుతున్నాయో రెండు వాక్యాల్లో ముందే తేల్చినవాళ్లకు పెరిగేది. వాళ్లకు నేను కొత్తగా నేర్పిందేమీ లేదు. గ్రాఫును ఎన్నడూ చూడని మనిషికి ఫోనులో చెబుతున్నట్టు చెప్పమనేవాణ్ణి, వాళ్లు నోటితో చెప్పినదాన్ని అలాగే రాయమనేవాణ్ణి.

మాట్లాడడం గురించి కూడా ఒక మాట అనకపోతే అన్యాయం అవుతుంది. ఎన్. ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా దక్షిణాది పాఠశాలల్లో చేసిన ప్రయోగంలో, పిల్లలకు వ్యాకరణం విడిగా చెప్పకుండా రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి, ఫలానా బండి ఎన్నింటికి చేరుతుంది, ఫలానా చోటికి ఏ దారిన వెళ్లాలి వంటి చిక్కుముడులు విప్పించారు. అలాంటి తరగతిలో నేను కూర్చుని ఉంటే నోరు ఇంకా ముందే విప్పేవాణ్ణేమో. నా నోరు విప్పింది విదేశాల నుంచి వచ్చిన కొనుగోలుదారుల ముందే, అదీ చాలా ఆలస్యంగా. వాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా మనసులో వాక్యం రాసుకుని, అనవసరమైనది తుడిచి, మిగిలినదాన్నే పలికేవాణ్ణి. అందువల్ల నెమ్మదిగా మాట్లాడతాడన్న పేరు వచ్చింది. బేరాల్లో అది మంచి పేరే.

పదవీ విరమణకు ముందు కొన్నేళ్లు మా విభాగంలోకి మనుషులను తీసుకునే బాధ్యత నాకే అప్పగించారు. వ్యాసం రాయమనే పాత ప్రశ్నను తీసేసి, ఒక యంత్రం చెడిపోయిన ఉదంతం మీద ఇంజనీర్లు రాసుకున్న మూడు పేజీల ఉత్తర ప్రత్యుత్తరాలను అభ్యర్థుల చేతికిచ్చి, వాటిని చదవడానికి తీరికలేని అధికారికి ఒక్క పేరా రాసివ్వమనేవాణ్ణి. నిఘంటువు వాడుకోవచ్చు, కంప్యూటరులో వ్యాకరణం సరిచూసుకోవచ్చు. చాలామంది మెచ్చదగిన ఇంగ్లీషే రాసేవారు. యంత్రం ఎప్పుడు ఆగిందో, ఎవరు చూశారో, ఎన్ని ఉత్తరాలు నడిచాయో వరుసగా చెప్పేవారు. కానీ ఆ ఉత్తరాల కట్టలో నడుమ ఎక్కడో, సీలు మార్చడానికి ఆ అధికారి అనుమతినే అడిగి ఉన్నారు, దానికి ఇంతవరకూ ఎవరూ జవాబు పంపలేదు. ఆ సంగతిని పేరా మొదటి వాక్యంలో పెట్టినవాళ్లను తీసుకున్నాను. ఆర్టికల్స్ తరువాత నేర్పుకున్నాము.